ఏకశిల ఎక్కితే కురవి గుర్తొచ్చింది

శివరాత్రికి కురవి జాతరకి వెళ్తూ దారిలో వరంగల్లో దిగాం. బెంగుళూరు నుంచి నాతో వచ్చిన కొలీగ్‌కి కోట చూపిద్దామని. తోరణాలు, ఖుష్ మహల్ అయ్యాక పక్కనే ఏకశిల పార్కు, అందులో గుట్ట. గుట్ట అంటున్నాం గానీ నిజానికి ఒక్కటే రాయి. ఒరు కల్లు, అదే ఓరుగల్లు. సంస్కృతం వాళ్ళకి ఏకశిలా నగరం. ఊరంతటికీ పేరు పెట్టిన రాయి ఇది!

రోజంతా కుర్చీలో కూచునే ఉద్యోగాలు కదా, సగం మెట్లకే ఇద్దరికీ ఆయాసం. పైనుంచి చూస్తే మాత్రం కోట మొత్తం అరచేతిలో పెట్టినట్టుంది. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తి చేసిన రాతి గోడ, దాని అవతల మట్టికోట. 1323లో ఢిల్లీ సైన్యం చేతికి చిక్కింది ఇదే.

మావాడు అడిగాడు, "మీ కురవికీ వీళ్ళకీ ఏమన్నా సంబంధం ఉందా?" అని. నీళ్ళు నమిలాను. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే సిగ్గేసింది.

సంబంధం ఉండటమేంటండీ, కథ మొదలయ్యేదే అక్కడ! అప్పట్లో కొరవి ముదిగొండ చాళుక్యుల రాజధాని. తూర్పు చాళుక్య దానార్ణవుడు 956లో వేయించిన మాంగల్లు శాసనంలో కాకర్త్య గుండ్యన కనిపిస్తాడు, కాకతీయుల పూర్వీకుడు. ఆయన ముదిగొండ వాళ్ళని వెళ్ళగొట్టి కొరవిని పట్టాడని చరిత్రకారులు అంటారు. ఎంతోకాలం నిలవలేదు. విరియాల ఎఱ్ఱ అనే సామంతుడు శత్రువుని చంపి బొట్టు బేతరాజుని కొరవిలో మళ్ళీ నిలబెట్టాడని గూడూరు శాసనం చెబుతుంది. ఆ శత్రువు గుండ్యనే అని కొందరి లెక్క.

తమాషా ఇక్కడే ఉంది. అదే ఎఱ్ఱ భార్య కామసాని చక్రవర్తి దగ్గరికెళ్ళి, కాకతి వంశంలోని బేతడికి అనుమకొండ ఇప్పించింది. మొగుడేమో ఒకరికి కొరవి ఇస్తే, పెళ్ళామేమో ఇంకొకరికి అనుమకొండ! ఇంత రాజకీయం నడిపిన ఆవిడ పేరు మా బళ్ళో ఒక్కసారి కూడా వినలేదు. రుద్రమ దాకా ఆగక్కర్లేదన్నమాట.

తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. అనుమకొండలో నిలదొక్కుకున్నారు, రుద్రదేవుడు 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనంతో తన స్వతంత్రాన్ని చాటుకున్నాడు, రాజధాని మెల్లగా ఈ రాయి దగ్గరికి జరిగింది. కొరవిలో ఏముంది అంటారా? పదో శతాబ్దం నాటి తెలుగు శాసనం ఉంది, అదీ వచనంలో. నన్నయ్య కంటే ముందుది. జాతరకి ఎన్నిసార్లు వెళ్ళానో, దాని సంగతి ఒక్కసారీ ఎవర్నీ అడగలేదు.

మావాడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అంటే వాళ్ళు మీ ఊరు పోగొట్టుకోబట్టి నేను అన్ని మెట్లు ఎక్కాల్సొచ్చిందా?" అన్నాడు.