మిషన్ బడి నుంచి పసుపు బస్సు దాకా

పిల్లను సర్కారు బడిలో ఎయ్యాల్నా, ప్రైవేటులో ఎయ్యాల్నా? అహోబిలం, ఆళ్లగడ్డ చుట్టుపక్కల మన వాడల్లో వేసవి వస్తే ఇదే మాట. మేమూ మా పాపను ఒకటో తరగతిలో చేర్చాల్సిన ఏడాది ఇది. అప్పు చేసి ప్రైవేటుకు పంపే దళిత తల్లిదండ్రుల్ని మన ఉద్యమకారులు తేలిగ్గా తప్పుపడతారు. ఇంగ్లీషు మోజంటారు, సర్కారు బడిని చంపుతున్నారంటారు. (అట్లా అనేవాళ్ల పిల్లలు ఏ బడిలో ఉన్నారో మనం అడగం.) అయితే అంటరానివాళ్లకు మొదట తలుపు తీసింది సర్కారు బడి కాదు. ఆనాటి లెక్కల్లో అది 'ప్రైవేటు' బడే.

వీధిబడి అయ్యవారు మన పిల్లల్ని అరుగెక్కనియ్యలేదు. 1854 నాటి వుడ్ డిస్పాచ్ తర్వాత సర్కారు విద్యాశాఖలు వచ్చినాయి. 1856లో ధార్వాడలో ఒక మహర్ పిల్లవాడు సర్కారు బడిలో చేర్చుకోమని అర్జీ పెట్టుకుంటే బొంబాయి ప్రభుత్వం ఒప్పుకోలేదు. వీడొక్కడు వస్తే మిగతావాళ్లంతా పోతారని దాని భయం. ఆ దశకంలోనే ఇక్కడ, ఇప్పటి చాగలమర్రి మండలంలోని ముత్యాలపాడులో, ఎస్.పి.జి. మిషన్ పని సాగింది. తర్వాత నంద్యాలకు పాకింది. ఉపదేశే పంతులు, ప్రార్థన జరిగే పాకే బడి. ఆ బడి మాలగేరిని చేరినంతగా మాదిగగేరిని చేరలేదు. ఈ సంగతిని మనలో మనం దాచుకోవడం మంచిది కాదు.

1893లో మద్రాసు ప్రభుత్వం పంచముల చదువు మీద జీవో ఇచ్చింది. పంచమ బడులకు స్థలాలు, గ్రాంట్లు ఇస్తామంది. దీన్ని మెచ్చుకునేవాళ్లు ఒకటి గమనించరు. తన బడి తలుపు తెరిపించి ఊరితో తగవు పెట్టుకోవడం కంటే, వేరే బడికి డబ్బులియ్యడమే సర్కారుకు సులువు. 1920ల్లో లేబర్ శాఖ పెట్టిన బడులూ వేరు బడులే.

స్వాతంత్ర్యం తర్వాత సర్కారు బడి, సంక్షేమ హాస్టలు లేకుంటే మాలాంటి మొదటి తరం పట్టభద్రులు ఈ పేజీల్లో రాసేవాళ్లు కారు. కానీ మనం లోపలికి పోతాంటే ఊరు బయటికి పోయింది, కాన్వెంటుకు. ధార్వాడ భయం నిజమయ్యేదానికి నూరేళ్లకు పైగా పట్టింది, అంతే.

2020లో మొదలైన అమ్మఒడి 15,000 రూపాయలు రెండు రకాల బడులకూ వర్తించింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో పాతిక శాతం సీట్లు పేదలకు ఇయ్యమంటే, ఆంధ్రప్రదేశ్‌లో అది కదిలింది 2022లో. అందులో ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 4. బడికి దగ్గరి ఇళ్లకే మొదటి హక్కు. బడి ఆళ్లగడ్డలో ఉంటే, నరసింహస్వామికి ఆడబిడ్డనిచ్చిన చెంచుల పిల్ల అహోబిలం అడవి నుంచి దానికి ఎప్పుడు దగ్గరయ్యేను? మళ్లీ 1893 దారే: తన బడికి పంతుల్ని ఇచ్చే బదులు వేరే బడికి ఫీజు కట్టడం.

మేము రెండు బడులకూ పోయి చూసినాం. ఒకచోట ఐదు తరగతులకు ఒక్కరే పంతులు. పిల్లలందరూ మన వాడవాళ్లే. రెండోచోట పసుపు బస్సు, టై, బూట్లు; దరఖాస్తులో కులం గడి పక్కనే తండ్రి ఉద్యోగం గడి. ఇంట్లో ఇంకా తెగలేదు. జూన్‌లో బడులు తెరుస్తారు.