మద్రాసు నుంచి మ్యూరెన్ దాకా: స్కీ సెలవుల పుట్టుక

బన్సీలాల్‌పేట్‌లో ఆటో ఎక్కితే సికింద్రాబాద్ స్టేషన్ ఎంతో దూరం లేదు. అక్కడి నుంచి రైల్లో ఢిల్లీ మీదుగానో, శంషాబాద్‌లో విమానమెక్కో శ్రీనగర్ చేరి, ఇంకో యాభై కిలోమీటర్లు వెళ్తే గుల్మార్గ్. సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి స్కీయింగ్ నేర్పించాలనుకునే తల్లిదండ్రులు ఇప్పుడు మనలోనూ ఉన్నారు. ఈ సరదా పూర్తిగా ఆల్ప్స్ పర్వతాల్లోనే పుట్టిందనుకుంటాం గానీ, దాని కథ మద్రాసును కూడా తాకుతుంది.

స్కీలు వేల ఏళ్ల నాటివి. నార్వేలో అవి ఆటవస్తువులు కావు, చలికాలంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లే సాధనాలు. 1888లో నార్వే సాహసయాత్రికుడు నాన్సెన్ స్కీల మీద గ్రీన్‌లాండ్‌ను దాటాక యూరప్ అంతటా వాటి మీద మోజు పెరిగింది. క్షయ సోకిన భార్యతో స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో ఉంటున్న కానన్ డోయల్, అదే మన షెర్లాక్ హోమ్స్ రచయిత, 1894 మార్చిలో స్కీల మీద కొండ దాటి అరోజా చేరి, ఆ ప్రయాణం గురించి పత్రికలో రాశాడు. ఇవన్నీ సాహసాలే. సెలవు రోజులు చూసుకుని, డబ్బు కట్టి, గది ఖాయం చేసుకుని వెళ్లే పద్ధతి ఇంకా రాలేదు.

ఆ పద్ధతిని తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవలసినవాడు హెన్రీ లన్. ఆయన మెథడిస్టు బోధకుడు, వైద్యుడు కూడా. 1887లో మిషన్ పని మీద మన దేశానికి వచ్చి, ఆరోగ్యం పాడై ఎక్కువ కాలం ఉండలేక తిరిగి వెళ్లిపోయాడు. 1892లో వేర్వేరు చర్చిల పెద్దలను ఒకచోట కూర్చోబెట్టాలని స్విట్జర్లాండ్‌లోని గ్రిండెల్‌వాల్డ్‌లో సభ పెట్టాడు. వచ్చినవాళ్లకు టికెట్లు, బస ఏర్పాటు చేయడంతో మొదలైన పని క్రమంగా పెద్ద యాత్రా వ్యాపారమైంది. హోటళ్లకు హోటళ్లే మాట్లాడుకుని ఇంగ్లండ్ కుటుంబాలను చలికాలంలో అక్కడికి తీసుకెళ్లేవాడు. స్విట్జర్లాండ్‌లోనే ఉన్న మ్యూరెన్‌కు అంతకుముందు వేసవిలోనే నడిచే కొండ రైలు 1910 నుంచి చలికాలంలోనూ నడిచిందంటే, అది ఆయన పట్టుదల వల్లే.

ఆయన కొడుకు ఆర్నాల్డ్ లన్, తండ్రి మన దేశంలో ఉన్న రోజుల్లోనే, 1888 ఏప్రిల్‌లో మద్రాసులో పుట్టాడు. ఇరవై ఒక్క ఏళ్ల వయసులో కొండ ఎక్కుతూ పడిపోవడంతో ఒక కాలు పొట్టిదైపోయింది. అయినా స్కీలు వదల్లేదు. 1911లో ఆయన నడిపించిన స్కీ పందేనికి రాబర్ట్స్ ఆఫ్ కాందహార్ కప్ అని పేరు. ఆ రాబర్ట్స్ 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి ప్రధాన సేనాధిపతి. మన సికింద్రాబాద్ దండు అప్పట్లో ఆ సైన్యంలోదే. 1922లో మ్యూరెన్‌లో ఆర్నాల్డ్ లన్, పాతిన జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే స్లాలమ్‌కు కొత్త నియమం పెట్టాడు: ఎవరు అందంగా దిగారన్నది కాదు, ఎవరు ముందు దిగారన్నదే లెక్క. 1936లో ఒలింపిక్స్‌లోకి ఈ కొండవాలు స్కీయింగ్ వచ్చిందంటే ఆయన కృషి చాలా ఉంది. మద్రాసులో పుట్టిన ఇంత పెద్దమనిషి పేరు మనవాళ్లు ఎక్కడా తలచుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

తర్వాత స్కీయర్లను కొండపైకి చేర్చే యంత్రాలొచ్చాయి. 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో తొలి కుర్చీ లిఫ్టు కట్టారు. అరటి గెలలను ఓడలకెక్కించే యంత్రమే దానికి నమూనా. ఇప్పుడు ఫ్రాన్స్‌లోని త్రీ వ్యాలీస్‌లో ఒకే పాస్‌తో 600 కిలోమీటర్ల వాలుల్లో తిరగొచ్చు.

ఇక మన గుల్మార్గ్ సంగతికొస్తే, అక్కడ స్కీ క్లబ్‌ను 1927లో బ్రిటిష్ సైనికాధికారులు పెట్టారు. తీగల మీద నడిచే గొండోలా మొదటి దశ 1998లో, అఫర్వాత్ కొండ భుజం మీదికి చేర్చే రెండో దశ 2005లో వచ్చాయి.

కశ్మీరీలు చిల్లై కలాన్ అనే నలభై రోజుల గట్టి చలికాలం డిసెంబర్ 21న మొదలై జనవరి చివరిదాకా ఉంటుంది. సంక్రాంతి దాని నడుమ పడుతుంది, అయినా మంచు ఖాయమనుకోవద్దు. 2024 జనవరి సగానికి కూడా గుల్మార్గ్ వాలులు ఎండిపోయి ఉన్నాయి. వీలైతే ఫిబ్రవరికి పెట్టుకోండి. గొండోలా టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, గాలి ఎక్కువైతే రెండో దశ ఆపేస్తారని తెలిసి వెళ్లండి. మొదటిసారి వెళ్లేవాళ్లు కింది సులువైన వాలుల మీదే, శిక్షకుడి దగ్గరే నేర్చుకోండి. 2023 ఫిబ్రవరిలో అఫర్వాత్ మీద మంచు చరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఆ పైవాలుల జోలికి వెళ్లకండి.