రసాయనబంధము – హాస్యగేయము : ఇందూరు, బోధను చెఱకుసీమల నాశ్రయించిన పరిశీలనము

రసాయనశాస్త్రమునందలి బంధసిద్ధాంతమును హాస్యగేయముల మూలమున బోధింపవచ్చునా యను ప్రశ్న కేవలము పాఠశాలకు సంబంధించినది కాదు. శాస్త్రము ఏ పలుకుబడి నాశ్రయించి జనులలో నిలుచునను భాషాచరిత్రవిషయము కూడ నిందు గలదు. ఇందూరను నామాంతరముగల నిజామాబాదు పట్టణమును, దానికి పడమటనున్న బోధను చెఱకుసీమయు ఈ విచారణకు తగిన క్షేత్రములని మేము భావించుచున్నాము.

పాశ్చాత్యదేశములందు బంధభావనయు చుట్టఱికపు భాషయు మొదటినుండియు కలిసి నడచినవి. ఏ పదార్థము దేనితో కూడుటకు మొగ్గుచూపునో తెలుపు పట్టికను 1718లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జోఫ్రా ప్రకటించెను. ఆ మొగ్గునకు రూఢమైన 'అఫినిటీ' యను మాటకు వివాహమువలన గలుగు బంధుత్వమని యర్థము. జర్మను కవి గోతె 1809లో ఆ రసాయనభావమునే దాంపత్యకథకు మార్చి నవల రచించెను. 'బాండ్' అను పదమును 1866లో ఫ్రాంక్లండు వాడెను. హాస్యమును వెనుకబడలేదు. జర్మను రసాయనసంఘపత్రికను వెక్కిరించుచు 1886లో వెలువడిన సంచికలో, బెంజీనునందలి ఆఱు కార్బనులు ఆఱు కోతులై ఒకదాని నొకటి పట్టుకొని వలయముగా నిలిచినవి. ఇలెక్ట్రానుల జంటను రెండు పరమాణువులు పంచుకొనుటయే బంధమని లూయీ 1916లో వివరించుటకు ముందే, పట్టు అను భావము నవ్వులోనికి వచ్చినదన్నమాట. దీనికి భిన్నముగా 1959లో టామ్ లేరర్ పాడిన మూలకముల పాట ప్రసిద్ధమే యైనను, అది పేర్ల వరుస మాత్రమే. అందు మూలకములకు పరస్పరసంబంధము లేదు. కావున జాబితాపాట వేఱు, సంబంధపుపాట వేఱు. బంధమును బోధింపగలది రెండవది.

శాస్త్రమును పద్యమున బంధించుట తెలుగువారికి క్రొత్త కాదు. పదునొకండవ శతాబ్దివాడైన పావులూరి మల్లన గణితమును తెనిగించెను. కాని బంధసిద్ధాంతమునకు మఱింత దగ్గఱి సాధనము మన పెండ్లి పాటలలో నున్నది. వియ్యమందినవారిని ఎగతాళిచేయు పాటలలోని హాస్యమంతయు ఎవరేమి యిచ్చిరి, ఎవరేమి పుచ్చుకొనిరి యను లెక్కమీదనే నిలుచును. 'సంబంధము' అను మాటయే మనకు పెండ్లిని సూచించును. సోడియము ఒక ఇలెక్ట్రానును విడుచుట, క్లోరిను దానిని గైకొనుట ఇచ్చిపుచ్చుకొనుటయే. సమయోజనీయబంధము ఉమ్మడి సొత్తు.

ఇట్టి సాధనముండియు ఈ సీమలో శాస్త్రగేయము ఏల ముందే పుట్టలేదు? 1931లో ముగిసిన నిజాంసాగరు నిర్మాణము ఇచ్చటి చెఱకునకు నీరొసగెను. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమయ్యెను. పొలమునందలి మాట తెలుగు. ఉన్నతవిద్యలోని రసాయనశాస్త్రము మాత్రము, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున, ఉర్దూలో సాగినది. పాట పుట్టు భాషయు పాఠము నడచు భాషయు వేఱగుటయే ముఖ్యకారణమని మా యభిప్రాయము. కర్మాగారము వెలసిన 1937లోనే ఆఱవ ఆంధ్రమహాసభ నిజామాబాదులో మందుముల నరసింగరావుగారి యధ్యక్షతన జరుగుట గమనింపదగినది. 1968లో తెలుగు అకాడమి వెలసిన పిమ్మట పారిభాషికపదములు స్థిరపడినవి. 1988లో జనవిజ్ఞానవేదిక యేర్పడిన తరువాత శాస్త్రము కళాజాతలలో పాటయై ఊరూర తిరిగినది.

అయినను హాస్యమునకు హద్దు గలదు. సోడియము వరుడు, క్లోరిను వధువు అని పాడినచో బాలురు నవ్వుదురు. కాని ఉప్పు స్ఫటికమున జంటలు లేవు. ఒక్కొక్క సోడియము అయాను చుట్టు ఆఱు క్లోరైడు అయానులుండును. పరమాణువులకు వలపును లేదు. శక్తి తగ్గుటయే వాటి కూడికకు హేతువు. పాట ఈ భేదమును మఱుగుపఱచినచో, నవ్వు మిగులును, శాస్త్రము పోవును.

ఈ పరీక్షకు చెఱకు మంచి నికషము. ఉప్పునీరు విద్యుత్తును ప్రసరింపజేయును, చక్కెరనీరు చేయదు. అయానికబంధమునకును సమయోజనీయబంధమునకును గల భేదమును వంటింటి వస్తువులే చూపుచున్నవి. గ్లూకోజు, ఫ్రక్టోజు కలిసి ఒక నీటి అణువును విడిచినప్పుడు సుక్రోజగును. నఱికిన చెఱకు గానుగకు చేరుట ఆలస్యమైనచో, ఆ నీరే మరల చేరి బంధమును త్రెంచును. చేతికి వచ్చు చక్కెర తగ్గును. ఆలస్యము నష్టమని రైతెఱుగును. ఏల నష్టమో చెప్పు పాట ఆతనికిని ఆతని బిడ్డకును ఒక్కటే పాఠమగును. ఇచ్చట కట్నముగా పోయిన నీరే కాపురమును కూల్చుటకు తిరిగివచ్చుచున్నది. ఈ హాస్యము శాస్త్రమునకు విరుద్ధము కాదు.

బోధను కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. దానితోబాటు చెఱకుపనిలోని పలుకుబడియు సన్నగిల్లు ప్రమాదము గలదు. బిరుదురాజు రామరాజుగారు జానపదగేయపరిశోధనకు వేసిన బాటలో, ఈ సీమలోని వియ్యపు పాటలను, చెఱకు మాటలను పరిశోధకవిద్యార్థులు సేకరింపవలసియున్నది. పారిభాషికపదమును నిఘంటువు స్థిరపఱచును. దానిని నాలుకకు అలవాటు చేయునది పాటయే.