లండను చేరిన రామచిలుక

లండను ఉద్యానవనాలలో మంచు రోజులలో కూడ కిచకిచలాడే పచ్చని చిలుక మన రామచిలుకయే. అది అంతదూరం ఎగిరి పోలేదు. పెంపుడు పక్షుల వర్తకుల పంజరాలలో పోయినది. ఇంగ్లండులో 1855లోనే ఒకచోట గూడు పెట్టినది గాని, స్థిరపడినది 1969 నుండి. జిమీ హెండ్రిక్సు అనే సంగీతజ్ఞుడు వదలిన జంటయే మూలమన్న కథ వినసొంపైనదే. పలుచోట్ల పలుమార్లు తప్పించుకొన్నవే మూలమని 2019 నాటి పరిశోధన సూచించినది. ఐరోపా చిలుకలలో అధికభాగం ఉత్తర భారతం, పాకిస్తాను ప్రాంతాలవని జన్యుపరీక్షలు తెల్పుచున్నవి. ఆ జాతికి చలి కొత్త కాదు.

చిలుక స్వయంగా తొర్ర తొలవటం అరుదు, ఉన్నదానిని ఆక్రమిస్తుంది. స్పెయినులోని సెవిల్ నగరంలో ఒక ఉద్యానవనాన పెద్దజాతి గబ్బిలాలను పొడిచి వెళ్ళగొట్టినది, కొన్నిటిని చంపినది. 14 ఏండ్లలో ఆ గబ్బిలాలున్న చెట్లు 81 శాతం తగ్గినవి.

2005లో ఐరోపా సమాఖ్య అడవిపక్షుల దిగుమతిని నిలిపినది. చిలుకలకు వెరచి కాదు, పక్షుల ఫ్లూకు వెరచి. అప్పటికే లండను తొర్రలలో ఎన్నో తరాల పిల్లలు ఎగిరిపోయినవి.