ఎండల నేరం సూర్యుడిదా, బొగ్గుదా?

ధాత కరువు నాడు మొదలైన ఒక వాదన ఆవిరి ఇంజన్ల మీదుగా ఖరగ్‌పూర్ దాకా వచ్చిన కథ

2024 ఏప్రిల్ 30న దేశంలో అన్నిచోట్లకన్నా ఎక్కువ ఎండ కాసింది పశ్చిమ బెంగాల్‌లో ఖరగ్‌పూర్ పొరుగునున్న కలైకుండలో. ఆ రోజు అక్కడ 47.2 డిగ్రీలు నమోదైంది. మామూలుగా ఆ తేదీకి ఉండేదానికంటే అది పది డిగ్రీలు ఎక్కువ. ఇలాంటి ఎండలకు మనిషి కాల్చిన బొగ్గు కారణమా, లేక ఎండలు హెచ్చడం తగ్గడం ప్రకృతికి అలవాటేనా అన్న ప్రశ్న ఇప్పటిది కాదు. బొగ్గింజన్ల కోసం పుట్టిన ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం కంటే దాని వయసు ఎక్కువ. ఆ వాదనలో ఒక తొలి ఘట్టం జరిగింది మన కరువు జిల్లాల్లోనే.

సూర్యుడి మీద నెపం

1876-78 నాటి ధాత కరువు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చేసింది. అంతకు ఒక్క ఏడాది ముందే, 1875లో, భారత వాతావరణ శాఖ ఏర్పడింది. వానలు ఎందుకు ఎగ్గొడుతున్నాయో కనిపెట్టడం దాని తలకు చుట్టుకుంది. ఆ రోజుల్లో బాగా చలామణి అయిన జవాబు సూర్యుడి మచ్చలు. సుమారు పదకొండేళ్లకోసారి ఆ మచ్చలు పెరిగి తగ్గుతుంటాయి. మద్రాసు వానల లెక్కలు వాటితోపాటే నడుస్తున్నాయని 1877లో ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాకియర్, ప్రభుత్వ గణాంకాధికారి విలియం హంటర్ కలిసి రాశారు. దొరతనానికి ఈ సిద్ధాంతం బాగా కలిసొచ్చేది. కరువు ఆకాశం నుంచి దిగితే, పన్ను వసూలు చేసినవాణ్నీ, ఆకలి జిల్లాల మీదుగా ధాన్యం ఎగుమతి చేసినవాణ్నీ అడిగేవారుండరు.

1904లో వాతావరణ శాఖ పగ్గాలు అందుకున్న గిల్బర్ట్ వాకర్ గణిత పండితుడు. మచ్చలకూ వానలకూ ఉన్నదన్న చుట్టరికాన్ని లెక్కగట్టి చూసి, అది నమ్మదగినంత గట్టిది కాదని తేల్చాడు. ఆ అంకెలు తిరగేస్తూనే పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీది గాలి పీడనం ఊయలలా ఊగే తీరును పట్టుకున్నాడు. నేటి ఎల్‌నినో శాస్త్రానికి పునాది అదే. ప్రకృతిలో సహజమైన ఊగిసలాట ఉందన్న మాట అలా రుజువైంది. మనిషి పాత్ర మాత్రం ఆ లెక్కల్లో లేదు.

బొగ్గు తిని ఎదిగిన ఊరు

అదే కాలంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్) పట్టాలు పరుచుకుంటూ పోయింది. 1887లో పుట్టిన ఆ కంపెనీ లైను 1900లో ఖరగ్‌పూర్ మీదుగా హౌరాకు కలిసింది. 1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా తూర్పుతీర లైను కూడా కంపెనీ చేతికి వచ్చింది. ఆ లైను వెంబడే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల జనం వర్క్‌షాపులోకి, లోకో షెడ్డులోకి, గ్యాంగు పనుల్లోకి వచ్చారు. ఖరగ్‌పూర్‌ను మినీ ఇండియా అంటారు. అందులో తెలుగువాళ్లది పెద్ద వాటా. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు సమ్మె కట్టిన రోజుల్లో బీఎన్ఆర్ కార్మికోద్యమాన్ని నడిపినవారిలో ముఖ్యుడు, తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి.

రాణిగంజ్, ఝరియా గనుల బొగ్గు లేనిదే ఇక్కడ చక్రం కదిలేది కాదు. 1920లలో బీఎన్ఆర్ మాంచెస్టర్ నుంచి గారట్ ఇంజన్లు తెప్పించింది. మధ్యలో ఒకే బాయిలరు, దానికి ముందూ వెనకా చెరో చక్రాల వరుస ఉండే ఆ దిట్టమైన ఇంజన్లు బొగ్గు, ఖనిజం నిండిన వ్యాగన్లను లాగేవి. ఫైర్‌మన్ పారతో ఎత్తి పోసిన బొగ్గంతా పొగగొట్టం గుండా ఆకాశంలో కలిసింది. ఆకాశం పెద్దది, ఆ పొగ ఏమైపోతే ఎవరికి లెక్క?

లెక్క అడిగిన ఆవిరి ఇంజనీరు

ఆ లెక్క వేసినవాడు కూడా ఆవిరి మనిషే. గై స్టీవర్ట్ కాలెండర్ ఇంగ్లండులో ఆవిరి మీద పరిశోధన చేసే ఇంజనీరు. వాతావరణ శాస్త్రం అతనికి వృత్తి కాదు. అతనికి చాలా ముందే, బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) వేడిని పట్టి ఉంచుతుందని 1859లో జాన్ టిండాల్ ప్రయోగం చేసి చూపాడు. గాలిలో అది రెట్టింపైతే భూమి ఐదారు డిగ్రీలు వేడెక్కుతుందని 1896లో స్వీడన్‌కు చెందిన అరీనియస్ చేత్తోనే లెక్కగట్టాడు. అయితే అందుకు వేల ఏళ్లు పడుతుందనుకున్నాడు. కాలెండర్ 1938లో అసలు థర్మామీటర్ల అంకెలు ముందుపెట్టాడు. యాభై ఏళ్లలో మనిషి 15,000 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును గాలిలోకి వదిలాడనీ, అందులో ముప్పాతిక గాలిలోనే ఉండిపోయిందనీ, 200 కేంద్రాల రికార్డులు చూస్తే ప్రపంచం నిజంగానే వేడెక్కుతోందనీ చెప్పాడు.

పెద్దలు ఒప్పుకోలేదు. ఒకప్పుడు సిమ్లాలో భారత వాతావరణ శాఖలో పనిచేసి, బ్రిటిష్ వాతావరణ శాఖ అధిపతి అయిన జార్జ్ సింప్సన్, వాయువూ వేడీ కలిసి పెరగడం కాకతాళీయం కావచ్చన్నాడు. కాలెండర్ కూడా భయపెట్టలేదు. ఈ వేడి మేలే చేస్తుందనీ, మంచుయుగం తిరిగి రాకుండా ఆపుతుందనీ అనుకున్నాడు.

బొగ్గు వేలిముద్ర

తీర్పు చెప్పింది మూడు సాక్ష్యాలు. 1955లో హాన్స్ సూస్ చెట్ల కలపలోని కార్బన్‌ను పరీక్షించాడు. బతికి ఉన్న మొక్కల్లో కార్బన్-14 అనే రేడియోధార్మిక రూపం కొద్దిగా ఉంటుంది. కోట్ల ఏళ్లు నేల కింద పడి ఉన్న రాణిగంజ్ బొగ్గులోనైనా, మన ఇల్లందు బొగ్గులోనైనా అది పూర్తిగా హరించుకుపోయి ఉంటుంది. గాలిలో కార్బన్-14 పలచబడుతోందంటే పాత బొగ్గు, చమురు కాలి వచ్చిన వాయువు అందులో చేరుతోందన్నమాట. 1958 నుంచి హవాయిలోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ మొదలుపెట్టిన కొలతలు రెండో సాక్ష్యం. అప్పుడు పది లక్షల పాళ్లలో 315గా ఉన్న ఆ వాయువు 2024 నాటికి 420 దాటింది.

మూడో సాక్ష్యం సూర్యుడి వాదనకు నేరుగా జవాబు. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యుడి వెలుగును కొలుస్తున్నాయి. అందులో పెరుగుదల లేదు, భూమి మాత్రం వేడెక్కుతూనే ఉంది. సూర్యుడే కారణమైతే వాతావరణం పై పొరలు కూడా వేడెక్కాలి. అవి చల్లబడుతున్నాయి. గొంగళి కప్పుకుంటే లోపల వెచ్చగా, పైన చల్లగా ఉన్నట్టు. మానవ ప్రభావం నిస్సందేహమని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2021లో ప్రకటించడానికి వెనక ఇంత చరిత్ర ఉంది.

మనలో వాదించినవారు

ఈ మాటకు ఎదురు చెప్పిన తెలుగువారూ ఉన్నారు. హైదరాబాద్‌లో స్థిరపడిన వ్యవసాయ వాతావరణ శాస్త్రవేత్త ఎస్.జీవానందరెడ్డి వానల్లోని సహజ చక్రాలనూ, పట్టణాల వేడినీ, నేల వాడకంలో వచ్చిన మార్పులనూ గ్లోబల్ వార్మింగ్ ఖాతాలో వేస్తున్నారని చాలాకాలంగా వాదిస్తూ వచ్చారు. చెరువులు పూడ్చి కట్టిన నగరం ఉడుకుతుందన్నది కాదనలేని మాట. కానీ సముద్రాల మీదా ధ్రువాల మీదా పెరిగిన వేడికి నగరాలు కారణం కాలేవు. 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ ప్రచురించిన అంచనా ప్రకారం 1901 నుంచి 2018 వరకు భారత్ సుమారు 0.7 డిగ్రీలు వేడెక్కింది. అందులో ఎక్కువ భాగం మనిషి వదిలిన వాయువుల వల్లే. మనిషి గాలిలోకి వదిలిన సన్నని కణాలు ఎండకు అడ్డుపడి కొంత వేడిని దాచిపెడుతున్నాయని కూడా అదే నివేదిక చెప్పింది.

శాస్త్రం వైపు తప్పులు జరగలేదని కాదు. 2035 నాటికి హిమాలయ హిమానీనదాలు మాయమవుతాయని ఐపీసీసీ 2007 నివేదికలో పడింది. ఆ వాక్యం తప్పని 2010లో సంస్థ ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ తప్పు వల్ల కార్బన్-14 లెక్కా మారలేదు, కీలింగ్ కొలతల గీతా వంగలేదు.

మనిషంటే ఏ మనిషి?

ఇక మిగిలిన అసలు వాదన వాటాలది. 1991లో పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ దాన్ని సూటిగా అడిగారు: పొట్టకూటి పొగనూ విలాసాల పొగనూ ఒకే తక్కెడలో ఎలా తూస్తారు? నేటికీ సగటు భారతీయుడి వాటా ఏడాదికి రెండు టన్నుల చుట్టూ ఉంటే, అమెరికన్‌ది దానికి ఏడు రెట్లు. బాయిలరు ముందు నిలబడి బొగ్గు పోసిన ఫైర్‌మన్ తన కోసం పోయలేదు. లాభం కంపెనీ వాటాదారులకు వెళ్లింది. అతనికి మిగిలింది కూలి, మసి.

అలాగని మన చేతులు కడిగేసుకోలేం. దక్షిణాసియాలో 2024 ఏప్రిల్ నాటి ఎండలను వాతావరణ మార్పు దాదాపు 0.85 డిగ్రీలు పెంచిందని వరల్డ్ వెదర్ ఆట్రిబ్యూషన్ బృందం లెక్కగట్టింది. ఖరగ్‌పూర్ మీదుగా ఇప్పుడు నడిచేవి కరెంటు రైళ్లు. ఆ కరెంటులో మాత్రం ఇంకా సుమారు ముప్పాతిక బొగ్గుదే. పొగ ఇంజను మీద నుంచి థర్మల్ కేంద్రం గొట్టానికి మారింది, అంతే. కారణం ఎవరన్న ప్రశ్నకు శాస్త్రం జవాబు చెప్పేసింది. ఎవరెంత కాల్చారో దాన్నిబట్టి ఎవరెంత భరించాలన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ప్రభుత్వాలు. 1877లో సూర్యుణ్ని చూపించి తప్పించుకున్నట్టు, ఈసారి వాటిని తప్పించుకోనివ్వకూడదు.