దారి మీది ఊరు, గూడు లేని పొరుగువారు

భోగాపురం చరిత్రను రాజుల వైపు నుంచి రాయడం సులువు. పక్కనే పూసపాటిరేగ, కొద్ది దూరంలో విజయనగరం. ఆ పని చాలామంది చేశారు. ఇల్లు పోయినవాళ్ల వైపు నుంచి చూస్తే ఈ ఊరు ఇంకోలా కనిపిస్తుంది. తూర్పున సముద్రం, ఊరి మీదుగా మద్రాసు–కలకత్తా రోడ్డు, ఇప్పుడు విమానాశ్రయం. ఎవరో ఒకరు గూడు చెదిరి మన గుమ్మం ముందుకు రావడం, మనవాళ్లే గూడు వదిలి పోవడం ఇక్కడ తరతరాలుగా ఉన్నదే.

పోవడంతోనే మొదలుపెడదాం. కరువుకు, అప్పులకు తట్టుకోలేక ఉత్తరాంధ్ర కూలీలు భీమిలి, విశాఖ, కళింగపట్నం రేవుల నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లేవారు. మన పెద్దల నోట అది ‘రంగం’. 1941 డిసెంబరులో రంగం మీద జపాన్ బాంబులు పడ్డాక వేలాది మంది తెలుగువాళ్లు అడవులు, కొండలు దాటుకుంటూ కాలినడకన వెనక్కి బయల్దేరారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చాక మరో విడత తిరిగొచ్చింది. చుట్టాలున్నవాళ్లు చుట్టాల పంచన చేరారు. ఎవరూ లేనివాళ్లకు ఒక చోటు కావాల్సి వచ్చింది. విశాఖలో కంచరపాలెం వైపున్న బర్మా క్యాంపు అలా పుట్టిందే. కాందిశీకుల గుడిసెలుగా మొదలై ఈనాడు ఊళ్లో ఒక పేట అయింది. నాలుగు రోజులు అన్నం పెట్టి ఊరుకుంటే అది పేట అయ్యేది కాదు. కాలు నిలుపుకోవడానికి జాగా, ఉత్తరం వస్తే అందే చిరునామా దొరికాయి గనకే అయింది.

సముద్రం ఒడ్డున ముక్కాం, చేపలకంచేరు లాంటి పల్లెల్లో కష్టం పంచుకోవడం వేరే తీరు. ఈ తీరంలో పాతకాలపు నివాసం చుట్టిల్లు: గుండ్రటి మట్టిగోడ, నడుం వంచితే గాని లోపలికి పోలేనంత కిందికి దిగే తాటాకు కప్పు. మూలలు లేని గోడను గాలి చుట్టుకుపోతుంది. కప్పు లేచిపోయినా తాటాకు, తాడు, నలుగురి చేతులు ఉంటే మళ్లీ నిలబడేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చేటప్పటికి చుట్టిళ్లు తగ్గాయి, రేకుల ఇళ్లు పెరిగాయి. ఎగిరిపోయిన రేకును పక్కింటివాళ్లు అల్లి ఇవ్వలేరు. డబ్బు కావాలి, డబ్బుకు పరిహారం జాబితాలో పేరు కావాలి. పట్టా ఉన్నవాడి పేరు జాబితాకు తేలిగ్గా ఎక్కుతుంది. ఒకరి కళ్లంలోనో పోరంబోకులోనో పాక వేసుకున్నవాడి పేరు, ఊళ్లో నలుగురు గట్టిగా అడిగితే తప్ప ఎక్కదు. పొరుగువాడికి చేసే సాయంలో కప్పు నేయడం పోయి, పేరు రాయించడం వచ్చింది.

ఈ తీరం మత్స్యకారులు వేటకు గుజరాత్‌లోని వేరావల్ దాకా పోతారు. 2018 నవంబరులో అక్కడి బోట్లలో వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్రవాళ్లలో 20 మంది, 2020 జనవరిలో వాఘా దగ్గర సరిహద్దు దాటి ఇంటికొచ్చారు. కొన్ని నెలలకే లాక్‌డౌన్. వేరావల్‌లో ఆగిపోయిన వేలాది మందిని ప్రభుత్వం బస్సుల్లో తెచ్చింది. అదే వేసవిలో మన హైవే మీద ఒడిశా, బెంగాల్, బిహార్ కూలీలు పిల్లల్ని భుజాన వేసుకుని నడిచారు. ఈ రోడ్డు పొడవునా ఊళ్ల జనం మజ్జిగ, పులిహోర, చెప్పులు పంచారు. ఒక్క పూట అన్నానికి ఉత్తరాంధ్ర ఎన్నడూ వెనకాడలేదు. అన్నం తిన్న మనిషి ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలన్న దగ్గరే మన ఆలోచన ఆగిపోతుంది.

విమానాశ్రయం ఈ ప్రశ్నను మన ఇంట్లోకే తెచ్చింది. 2015లో 5 వేల ఎకరాలకు పైగా భూమి కావాలన్నారు. గూడెపువలస, కౌలువాడ, సవరవిల్లి, ముంజేరు రైతులు నిరసన దీక్షలు చేశారు, కోర్టుకెక్కారు. చివరికి సుమారు 2,200 ఎకరాలకు దిగింది. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగింది. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట అనే నాలుగు పల్లెలు పూర్తిగా లేచిపోయాయి. వాళ్లకు పునరావాస కాలనీల్లో ఇళ్లు కట్టారు. ఇల్లు వచ్చింది సరే, ఇంటి వెనకాల కట్టేసుకునే మేక, సరుగుడు తోటలో కూలి, జీడిపిక్కల కాలంలో నాలుగు డబ్బులు, పండక్కి అప్పిచ్చే ఆసామి వెంట రాలేదు. 2013 భూసేకరణ చట్టం సెంటు భూమి లేని కౌలుదారును, వ్యవసాయ కూలీని కూడా నష్టపోయినవాళ్ల కిందే లెక్కగట్టింది. ఆ సంగతి రైతుకు తెలిసినంతగా కూలికి తెలియదు. తెలిసినవాళ్లు చెప్పడం కూడా సాయమే.

ఇక బొత్తిగా ఎవరూ లేనివాళ్లు. 2010లో సుప్రీంకోర్టు ఆదేశాలు, తర్వాత వచ్చిన కేంద్ర పథకం చెప్పిన రాత్రి ఆశ్రయాలు పట్టణాలవి. లెక్క, లక్ష పట్టణ జనాభాకు ఒకటి. పంచాయతీ ఊళ్లకు ఆ లెక్క లేదు. కానీ హైవే మీద మతి చలించి తిరిగేవాళ్లు, కొడుకులు వదిలేసిన ముసలివాళ్లు, పని అయిపోయాక మేస్త్రీ వదిలేసిన కూలి కుటుంబాలు పట్టణమా పంచాయతీయా అని చూసి ఆగరు.

మనకు చేతనైన పనులు ఉన్నాయి. వాడకుండా పడి ఉన్న ఒక్క ప్రభుత్వ గదికి తలుపు, దీపం, మరుగుదొడ్డి సమకూర్చి, రాత్రిపూట తాళం తీసే మనిషిని పెట్టాలని గ్రామసభ తీర్మానించవచ్చు. మతి చలించినవాళ్లను తరిమేయకుండా పోలీసులకు చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వాళ్లను రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం పోలీసుల బాధ్యత. మనకు విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాల దగ్గరే. ముసలివాళ్ల కోసం 14567కి, పిల్లల కోసం 1098కి ఫోన్ చేయొచ్చు. రేషన్ కార్డు ఏ రాష్ట్రానిదైనా బియ్యం ఇక్కడ తీసుకోవచ్చని ఒడిశా కూలికి చెప్పాలి. టీసీ లేదని అతని పిల్లను బడి తిప్పి పంపకూడదు. విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు.

విమానాలు దిగే ఊరికి అద్దెలు పెరుగుతాయి, భూమి ధర పెరుగుతుంది. నిన్నటి దాకా పాకకు జాగా ఇచ్చిన ఆసామి రేపు అక్కడ ప్లాట్లు వేస్తాడు. గూడు లేనివాళ్లు ఇకమీదట దారిన పోయేవాళ్లు మాత్రమే కారు, మన వీధిలోవాళ్లే అవుతారు. అందుకే ఆ రాత్రి గది తీర్మానం వచ్చే గ్రామసభలోనే పెట్టాలి. జాగా దొరికే రోజులు దాటిపోకముందే.