'పరిశుద్ధులు' ఎవరు? ఒక పిలుపు వెనుక చరిత్ర

క్రైస్తవ విశ్వాసంలో పరిశుద్ధత మొదట మనిషి గుణం కాదు, దేవుని స్వభావం. పాత నిబంధన రాసిన హెబ్రీ భాషలో ఇందుకు వాడిన మాట 'కాదోష్'. అందులో శుభ్రత కంటే ముందు వినిపించేది ప్రత్యేకత: మామూలు వాడుక నుంచి తప్పించి దేవునికంటూ వేరుగా ఉంచడం. ఆదికాండంలో అన్నిటికంటే ముందు పరిశుద్ధమైనది మనిషీ కాదు, గుడీ కాదు, ఏడో రోజు. ఆ తర్వాత మోషే చెప్పులు విడిచిన నేల, యాజకుల వస్త్రాలు, దీపస్తంభం వస్తాయి. చివరికి యెరూషలేము దేవాలయంలోని అతి పరిశుద్ధ స్థలం. అందులోకి ప్రధాన యాజకుడొక్కడే, అదీ ఏడాదికొకసారి ప్రాయశ్చిత్త దినాన అడుగుపెట్టేవాడు.

తెలుగులో ఈ భావం కొంత పక్కకు జరిగింది. ప్రొటెస్టెంట్లు పరిశుద్ధాత్మ, పరిశుద్ధులు అంటారు. కతోలికులు పవిత్రాత్మ, పునీతులు అంటారు. రెండు వాడుకల్లోనూ శుద్ధి ముందుకొచ్చి, వేరుగా ఉంచడమన్న అర్థం వెనక్కి తగ్గింది. మడి, మైల అన్న ఆలోచనలు పాతుకుపోయిన సమాజంలో ఇది చిన్న తేడా కాదు. బైబిలు అనువాదకులు కొన్నిచోట్ల 'ప్రతిష్ఠించు' అన్న క్రియ వాడి ఆ లోటు తీర్చారు. తొలిచూలు బిడ్డలను దేవునికి ప్రతిష్ఠించాలన్నప్పుడు, వారు ఇక ఎవరికి చెందుతారన్నదే అక్కడ ప్రధానమని తెలుగు పాఠకుడికి వెంటనే తెలుస్తుంది.

దేవునికి చెందినవారు ఎలా బతకాలో లేవీయకాండం 19వ అధ్యాయం చెబుతుంది. ప్రజలంతా పరిశుద్ధులై ఉండాలన్న ఆజ్ఞతో అది మొదలవుతుంది. బలుల నియమాలూ అందులో ఉన్నాయి గానీ, అధ్యాయానికి బలం మరోచోట ఉంది. పంట కోసేటప్పుడు పొలం అంచులు పేదలకూ పరదేశులకూ వదిలేయాలి. కూలివాడి కూలి తెల్లవారేదాకా దగ్గర ఉంచుకోకూడదు. చెవిటివాణ్ణి తిట్టకూడదు, గుడ్డివాడి దారికి అడ్డం పెట్టకూడదు. తూకపు రాళ్లు సరిగా ఉండాలి. గుడి తెర వెనుక ఉన్న పరిశుద్ధత పొలం గట్టుకూ అంగడి తక్కెడకూ చేరిన చోటు ఇది. తర్వాతి చరిత్రలో ఈ అధ్యాయాన్ని మరచినప్పుడల్లా పరిశుద్ధత కొద్దిమంది సొత్తయింది.

హెబ్రీ లేఖనాలను గ్రీకులోకి మార్చిన యూదులు, అన్యదేవతల గుళ్లకు బాగా అలవాటైన 'హియెరోస్' అన్న మాటను చాలావరకు పక్కనపెట్టి, అంతగా వాడుకలో లేని 'హగియోస్'ను ఎంచుకున్నారు. అపొస్తలుడైన పౌలు క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథు సంఘానికి ఉత్తరం రాస్తూ అక్కడి విశ్వాసులను ఈ మాటతోనే పిలిచాడు. ఆ సంఘం ఏమంత ఆదర్శంగా లేదు. వాళ్లు వర్గాలుగా చీలారు, ఒకరిపై ఒకరు కోర్టుకెక్కారు, ప్రభురాత్రి భోజనంలో కొందరు మెక్కుతుంటే మరికొందరు ఆకలితో కూర్చున్నారు. పౌలు వాటన్నిటికీ గట్టిగా మందలించాడు గానీ పరిశుద్ధులన్న పిలుపును మాత్రం వెనక్కి తీసుకోలేదు. అది మంచి నడతకు ఇచ్చిన బిరుదు కాదు. క్రీస్తుకు చెందినవారికి ముందే దక్కిన స్థానం. నడత దానికి తగినట్టు మారాలి.

రోమా సామ్రాజ్యంలో క్రైస్తవులపై హింసలు సాగిన కాలంలో ఆ పిలుపు క్రమంగా ఇరుకైంది. రెండో శతాబ్దం మధ్యలో స్ముర్నలో బిషప్ పోలికార్పును కాల్చి చంపినప్పుడు విశ్వాసులు ఆయన ఎముకలను ఏరి భద్రపరిచి, మరణదినాన్ని ఏటేటా జన్మదినంలా జరుపుకున్నారు. ప్రాణమిచ్చినవారి ముందు మిగిలినవారు తమను తాము పరిశుద్ధులమని చెప్పుకోలేకపోవడం సహజమే. 313 తర్వాత హింస ఆగింది. అప్పుడు హతసాక్షుల చోటు ఐగుప్తు ఎడారి సన్న్యాసులకు దక్కింది.

మరి ప్రాణభయంతో లొంగిపోయినవారి సంగతేమిటి? 303లో మొదలైన రోమా చక్రవర్తి డయొక్లీషియన్ హింసలో ఉత్తర ఆఫ్రికా గురువులు కొందరు లేఖనాలను అధికారులకు అప్పగించారు. అలాంటివారి చేతి సంస్కారాలు చెల్లవని, సంఘం మచ్చలేనివారిదిగానే ఉండాలని డొనాటిస్టులనే వర్గంవారు వాదించారు. సంస్కారానికి పరిశుద్ధత క్రీస్తు వల్ల కలుగుతుంది గానీ గురువు వల్ల కాదనీ, కోతకాలం దాకా గోధుమలూ గురుగులూ కలిసే పెరుగుతాయనీ ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీను బదులిచ్చాడు. 411లో కార్తేజు సభలో తీర్పు ఆయన పక్షానికే వచ్చింది. అధికార బలంతో డొనాటిస్టులను అణచడాన్ని ఆయన సమర్థించడం మాత్రం ఆ వాదానికి మచ్చే.

మధ్యయుగాల్లో, ఎవరు పునీతులో తేల్చే వ్యవహారం రోము చేతికి వెళ్లింది. 993లో ఆగ్స్‌బర్గ్ బిషప్ ఉల్రిచ్‌ను పోపు పునీతుడిగా ప్రకటించాడు. పోపు పేరిట జరిగిన ఇలాంటి ప్రకటనల్లో రాతపూర్వకంగా తెలిసిన మొదటిది ఇదే. 1588 నాటికి ఇందుకోసం ప్రత్యేక కార్యాలయమే ఏర్పడింది. పునీతుల అవశేషాల సేకరణ కూడా పెరిగింది. జర్మనీలోని విట్టెన్‌బర్గ్ కోట చర్చిలో ఒక్కచోటే 19,000కు పైగా ఉండేవి. ఆ చర్చి పేరు సకల పరిశుద్ధుల చర్చి. 1517లో మార్టిన్ లూథర్ వాదన మొదలైంది ఆ ఊళ్లోనే, సకల పరిశుద్ధుల పండుగ ముందురోజున. విశ్వాసులందరూ పరిశుద్ధులేనని, రైతు పనీ ఇల్లాలి పనీ సన్న్యాసి ప్రార్థనకు తీసిపోవని ఆయన బోధించాడు.

రెండు శతాబ్దాల తర్వాత ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ అక్కడితో ఆగలేదు. పరిశుద్ధత పేరుకే మిగలకూడదని, ప్రేమలో పరిపూర్ణత ఈ జీవితంలోనే సాధ్యమని బోధించాడు. ఒంటరి పరిశుద్ధత అన్నది లేదన్నది ఆయన పట్టుదల. 1791 ఫిబ్రవరిలో, మరణానికి కొద్దిరోజుల ముందు, బానిస వ్యాపారంపై పోరాడుతున్న విల్బర్‌ఫోర్స్‌కు ధైర్యం చెబుతూ ఉత్తరం రాశాడు. లేవీయకాండం 19వ అధ్యాయం మళ్లీ వినిపించిన ఘట్టమది.

కతోలిక సంఘం కూడా 1964లో, రెండో వాటికన్ మహాసభ పత్రంలో, పరిశుద్ధతకు పిలుపు గురువులకూ మఠవాసులకూ మాత్రమే కాదని, విశ్వాసులందరిదీ అని స్పష్టం చేసింది. 2022 మే 15న రోములో పునీతుల జాబితాలో చేరిన దేవసహాయం పిళ్ళై గురువూ కాదు, మఠవాసీ కాదు. తిరువాన్కూరు కొలువులో పనిచేసిన గృహస్థుడు. 1745లో బాప్తిస్మం పొంది, కులభేదం పాటించకుండా అందరితో కలిసిమెలిసి తిరిగి, 1752లో తుపాకి గుండ్లకు బలైన ఆయన, పునీతుడిగా ప్రకటితుడైన మొదటి భారతీయ గృహస్థ విశ్వాసి.